పీటీ అంటే పీటీ సార్ ఒక్కరే కాదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నా బ్యాచ్ వాళ్లు అప్పుడూ వెనక బెంచీలే, ఇవాళ కూడా వెనక కుర్చీలే.

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, మెట్రో గురించో మూసీ మీది వంతెనల గురించో ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. నేను వేరే విషయం అడిగి తీసుకున్నాను. ఎందుకంటే ఈ రెండేళ్లలో మన వాట్సాప్ గ్రూపులో వంతెనల గురించి నన్ను ఒక్కరూ అడగలేదు. "అమ్మ బాత్రూంలో పడిపోయింది, ఆపరేషనైంది, ఇంటికొచ్చి కసరత్తు చేయించే మనిషి ఎవరన్నా ఉన్నారా?" అని మాత్రం పదకొండు మంది అడిగారు. లెక్క పెట్టాను. మనకు యాభై దాటాయి, మన అమ్మానాన్నలకు ఎనభై వచ్చాయి, మన పిల్లలేమో డాలస్‌లోనో గచ్చిబౌలిలోనో ఉన్నారు. ఇంకొన్నాళ్లకు ఆ మనిషి మనకే కావాలి.

మన బడిలో పీటీ అంటే పీటీ సార్. విజిలు, తెల్ల బూట్లు, మిట్టమధ్యాహ్నం గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు. అమెరికాలో పీటీ అంటే ఫిజికల్ థెరపిస్టు, పీటీఏ అంటే ఆ థెరపిస్టుకు అసిస్టెంటు. మా బ్యాచ్ ఒకాయనకు కొడుకు అక్కణ్నుంచి ఫోన్ చేసి, "నానమ్మకి ఇంటికి పీటీఏ వస్తుందా డాడీ?" అని అడిగితే, ఈయన "నానమ్మకి పేరెంట్ టీచర్ అసోసియేషన్ ఎందుకురా?" అన్నాడు. ఆయన ఇక్కడే ఉన్నాడు, నవ్వుతున్నాడు.

ఫిజియో అనే మాట మనలో చాలామందికి క్రికెట్ వల్ల తెలిసింది. కాలేజీ రోజుల్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లకు అలీ ఇరానీ గుర్తుండాలి. బ్యాట్స్‌మన్ కింద పడితే సంచీ పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాడు. ఏదో స్ప్రే కొడితే నొప్పి పోతుంది, అదే ఫిజియో అనుకున్నాం. మన పుల్లెల గోపీచంద్‌కి 1994లో మోకాలి లిగమెంటు తెగింది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఆ రెండు తేదీలూ పేపర్లో వచ్చాయి. మధ్యలో ఏడేళ్లపాటు రోజూ ఆ మోకాలిని వంచడం, చాపడం, బరువు మోయించడం అనే విసుగు పుట్టించే పని ఎంత జరిగి ఉంటుందో పేపర్లో రాదు. నేను మాట్లాడబోయేది ఆ విసుగు పుట్టించే పని గురించే.

సివిల్ ఇంజనీరుగా నాకు దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక దారి దొరికింది. స్లాబు వేసిన రోజు అందరూ వస్తారు. ఓనరు వస్తాడు, కాంట్రాక్టరు వస్తాడు, కొబ్బరికాయ కొడతారు, స్వీట్లు పంచుతారు. మర్నాటి నుంచి గోనెసంచులు పరిచి పొద్దున సాయంత్రం నీళ్లు కొట్టే మనిషి ఒక్కడే ఉంటాడు. సిమెంటు ఎంత మంచిదైనా, డ్రాయింగు ఎంత గొప్పదైనా, ఆ మనిషి వారం పది రోజులు ఎగ్గొడితే స్లాబు పగులుతుంది. ఆపరేషన్ అంటే స్లాబు వేసిన రోజు. ఫిజియోథెరపిస్టు డ్రాయింగు గీసినవాడు. అసిస్టెంటు క్యూరింగ్ చేసే మనిషి. మన ఇళ్లల్లో స్లాబు రోజుకు లక్షలు పెడతాం, క్యూరింగ్ మనిషి దగ్గర వందకు బేరమాడతాం.

ఈ వృత్తికి పెద్ద చరిత్రేమీ లేదు, వందేళ్లు దాటింది అంతే. మొదటి ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న సైనికులను మళ్లీ నడిపించడానికి అమెరికా సైన్యం కొందరు మహిళలకు శిక్షణ ఇచ్చింది. ఆ తర్వాత పోలియో వచ్చి పని పెంచింది. మన దేశంలో మొదటి ఫిజియోథెరపీ స్కూలు 1953లో బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో పెట్టారు. అమెరికాలో థెరపిస్టులు సరిపోక 1967లో అసిస్టెంటు అనే వేరే వృత్తిని ఏర్పాటు చేశారు. 1969లో మొదటి బ్యాచ్ బయటికొచ్చింది. అక్కడ అది రెండేళ్ల చదువు, పరీక్ష, లైసెన్సు. రోగిని పరీక్షించి, ఏం చెయ్యాలో నిర్ణయించేది థెరపిస్టు. ఆ నిర్ణయం ప్రకారం రోజూ చేయించి, ఏం జరిగిందో రాసి, తేడా కనిపిస్తే తిరిగి థెరపిస్టుకు చెప్పేది అసిస్టెంటు. పద్ధతిని సొంతంగా మార్చే అధికారం అసిస్టెంటుకు లేదు. ఈ గీత అక్కడ చాలా గట్టిగా ఉంటుంది.

మన దగ్గర ఆ గీత మసకగా ఉంది. ఫిజియోథెరపీ డిగ్రీ ఇన్నాళ్లూ నాలుగున్నరేళ్లు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం ఒక జాతీయ కమిషన్ చట్టం చేసింది. అందులో రెండు మెట్లున్నాయి. కనీసం 3,600 గంటల చదువుతో డిగ్రీ ఉన్న థెరపిస్టుల వంటివాళ్లు ఒక మెట్టు. కనీసం 2,000 గంటల శిక్షణతో డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉన్న టెక్నీషియన్లు, సహాయకులు రెండో మెట్టు. రాష్ట్రాల్లో కౌన్సిళ్లు, రిజిస్టర్లు ఉండాలని కూడా చట్టం చెప్తుంది. చట్టం సంగతి అలా ఉంచండి. మన గల్లీలో ఇంటి తలుపు కొట్టేది ఎవరు? డిగ్రీ ఉన్న ఫిజియో రావచ్చు. ఆస్పత్రిలో శిక్షణ పొందిన అసిస్టెంటు రావచ్చు. స్నానం చేయించి అన్నం తినిపించే అటెండెంటు రావచ్చు. నూనె సీసాతో మాలిష్ మనిషి రావచ్చు. నలుగురినీ మన ఇంట్లో "ఫిజియో వచ్చాడు" అనే అంటారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

పాతబస్తీలో పుట్టినవాణ్ని కాబట్టి పహిల్వాన్ల మాట ఎత్తకుండా పోలేను. చిన్నప్పుడు గోడ దూకి చెయ్యి బెణికితే మనల్ని తీసుకుపోయింది పహిల్వాన్ దగ్గరికే. పసుపు, గుడ్డు, కట్టు. ఇప్పుడు ఊరంతా పుత్తూరు కట్టు బోర్డులు. వాళ్ల చేతిలో నేర్పు లేదని నేను అనను, బెణుకుకు హాయిగానే ఉంటుంది. కానీ లోపల స్టీలు గుండు పెట్టి కుట్లేసిన తుంటి వాళ్లు చూసిన తుంటి కాదు. ఆ తేడా వాళ్లకు తెలుసో లేదో మన అమ్మల మీద పరీక్ష పెట్టొద్దు.

మా అమ్మ సంగతి చెప్తాను. మా ఇల్లు లాల్‌దర్వాజా దగ్గర, మీలో సగం మంది వచ్చినదే. ఎత్తు గడపలు, మధ్యలో వాకిలి, వెనక పాతకాలం లెట్రిన్. తడిసిన బండ మీద జారి తుంటి విరిగింది. సగం కీలు మార్చారు. ఆపరేషన్ బాగా చేశారు, రెండో రోజే వాకర్ పట్టించి నిలబెట్టారు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మందులు పద్నాలుగు లైన్లు, కింద ఒక్క లైను: ఫిజియోథెరపీ చేయించవలెను. ఎవరితో, ఏమిటి, ఎన్నాళ్లు? అది లేదు.

ఒక ఏజెన్సీకి ఫోన్ చేస్తే మర్నాడే ఒక కుర్రాడు వచ్చాడు. మర్యాదస్తుడే. సంచీలోంచి మిషను తీసి, అమ్మ తొడకు ప్యాడ్లు అంటించి ఇరవై నిమిషాలు కరెంటు పెట్టాడు. తర్వాత నూనె రాసి పిక్కలు పిసికాడు. అమ్మకు సుఖంగానే ఉంది. మూడు రోజులు అదే. ఒక్కసారి కూడా మంచం దింపి నిలబెట్టలేదు. నాలుగో రోజు మోకాలు పట్టి గుండెల దాకా వంచబోతే నేనే ఆపాను. అమ్మకు చేసిన పద్ధతిలో తుంటి తొంభై డిగ్రీలు దాటి వంగకూడదని సర్జన్ మరీ మరీ చెప్పారు, దాటితే కీలు జారొచ్చు. "నీకు ప్లాన్ ఎవరిచ్చారు బాబూ?" అని అడిగాను. "ప్లానేముంది సార్, అన్ని కేసులకీ ఇదే" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. డ్రాయింగు లేకుండా మేస్త్రీని సైటుకు పంపినవాడి మీద ఉంది.

తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు వచ్చింది. గంటసేపు చూసింది. ఆపరేషన్ కాగితాలు చదివింది, రెండు కాళ్ల బలం చూసింది, కూర్చోబెట్టింది, నిలబెట్టింది. చివర్న, "అమ్మా, మీకు మళ్లీ ఏం చెయ్యాలని ఉంది?" అని అడిగింది. ఆపరేషనైనప్పటి నుంచీ అమ్మను ఎవరూ అడగని ప్రశ్న అది. అమ్మ ఆలోచించి, "బోనాలనాటికి గుడిదాకా నడవాలె" అంది. ఆమె దాన్ని నోటుబుక్కులో మొదటి లైనుగా రాసింది. కింద ఏ వారం ఏం చేయాలో, ఏం చేయకూడదో ఒక పేజీ రాసి, "నేను వారానికొకసారి వస్తా, రోజూ మా క్లినిక్కు అమ్మాయి వస్తుంది" అంది.

ఆ అమ్మాయి తలాబ్‌కట్టా నుంచి వచ్చేది. ఇంటర్ తర్వాత శిక్షణ తీసుకుని, ఒక ఆస్పత్రి ఫిజియోథెరపీ విభాగంలో నాలుగేళ్లు పని చేసింది. మొదటి రోజు కసరత్తే చేయించలేదు. ఇల్లంతా తిరిగింది. మంచం ఎత్తు జానతో కొలిచి, "చాలా కిందుంది అన్నా, అమ్మ తుంటి ఎక్కువ వంగుతది" అని కోళ్ల కింద చెక్క దిమ్మెలు పెట్టించింది. చాపలు తీయించింది. లెట్రిన్‌లో కమోడ్ కుర్చీ పెట్టించింది. రాత్రి దారిలో లైటు పెట్టమంది. అమ్మ వదులు చెప్పులు తీసి, వెనక పట్టీ ఉన్నవి తెమ్మంది. మా ఆవిడ వంటింట్లోంచి, "ఈ పిల్ల ఫిజియోనా, ఇంజనీరా?" అంది. నిజంగానే నేను చూడాల్సిన సైటు ఇన్‌స్పెక్షన్ ఆ పిల్ల చేసింది.

రెండో రోజు నుంచి పని షురూ. మడమలు పైకీ కిందికీ ఆడించడం. మోకాలి కింద చుట్టిన టవల్‌ని నేలకు నొక్కి తొడ బిగించడం. కాలిని పరుపు మీద పక్కకు జరపడం. తర్వాత వంటింటి గట్టు పట్టుకుని నిలబడటం. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. అమ్మ పది లెక్కపెట్టమంటే విసుక్కునేది. ఆ పిల్ల ఒక ఉపాయం కనిపెట్టింది. లలితా సహస్రనామాల్లో ఒక్కో నామానికి ఒక్కోసారి కాలు లేపమంది. నెల తిరిగేసరికి, అమ్మ మధ్యలో ఒక నామం మింగేస్తే తలాబ్‌కట్టా పిల్ల అందించేది.

నేను గమనించింది ఇంకోటి. ఆ అమ్మాయి మా అమ్మను ఒక్కసారి కూడా చెయ్యి పట్టి లాగి లేపలేదు. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి, ఆపరేషనైన వైపున అర అడుగు వెనక నిలబడేది. అమ్మ తూలితే బెల్టు పట్టుకునేది. తూలకపోతే ఖాళీ చేతులతో నిలబడేది. మా ఆవిడో నేనో ఆదుర్దాగా చంక కింద చెయ్యేయబోతే, "ఆగండన్నా, అమ్మ లేస్తది" అనేది. నలభై సెకన్లు పట్టేది లేవడానికి. ఆ నలభై సెకన్లు చూస్తూ నిలబడటం మన వల్ల కాదు. అందుకే ఈ పని ఇంట్లోవాళ్లకంటే బయటి మనిషికి బాగా కుదురుతుంది.

పన్నెండో రోజు పొద్దున ఆ అమ్మాయి వచ్చి, ఎప్పటిలాగే రెండు పిక్కలూ చేత్తో చూసింది. ఆపరేషనైన కాలు పిక్క రెండోదానికంటే లావుగా, వేడిగా ఉంది. నొక్కితే అమ్మ అబ్బా అంది. అమ్మకు మామూలు వాపే అనిపించింది, "కొంచెం నూనె రాయి బేటీ, తగ్గుతది" అంది. ఆ పిల్ల నూనె ముట్టలేదు, కసరత్తు మొదలుపెట్టలేదు. వాకిట్లోకి వెళ్లి ఫిజియోథెరపిస్టుకు ఫోన్ చేసి, నోటుబుక్కులో టైముతో సహా రాసి, నాతో, "అన్నా, ఇవాళ నేను చేయించను. అమ్మను ఇప్పుడే దవాఖానకు తీసుకపోండి" అంది. స్కాన్‌లో పిక్క సిరలో రక్తం గడ్డ కనిపించింది. మందులతో కరిగింది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ప్రమాదమని డాక్టరు తర్వాత చెప్పారు. దాన్ని పిసికితే కదలడానికి దారి ఇచ్చినట్టే.

మిత్రులారా, అసిస్టెంటు పని ఏమిటని అడిగితే నేను మొదట ఆ కసరత్తుల జాబితా చెప్పను, ఆ పొద్దున సంగతి చెప్తాను. తన పని ఎక్కడ ఆగుతుందో ఆ అమ్మాయికి తెలుసు. మొదట వచ్చిన కుర్రాడికి ఆ సంగతి ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు నా సబ్జెక్టులోకి వస్తాను, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. మ్యాథ్స్ టీచర్ గారు ముందే కూర్చున్నారు, తప్పుంటే ఆపండి మేడమ్. ఏడో వారంలో వాకర్ వదిలి చేతికర్ర ఇచ్చారు. అమ్మ కర్రను దెబ్బ తగిలిన వైపే పట్టుకుంది. అందరూ అంతే, సినిమాల్లోనూ అంతే. ఆ పిల్ల తీసి రెండో చేతిలో పెట్టింది. ఎందుకని అడిగితే, "మేడమ్ అట్లనే నేర్పిన్రు" అంది. రాత్రి కాగితం మీద లెక్క వేశాను.

60 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే, ఆ కాలి బరువు పోను పైనున్నది 50 కిలోలు. ఆ బరువు కేంద్రం తుంటి కీలు నుంచి లోపలికి దాదాపు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. శరీరం అటు ఒరిగిపోకుండా పట్టి ఉంచే కండరం కీలుకు బయటివైపు 5 సెంటీమీటర్లలోనే ఉంది. సీసా బల్ల మీద దగ్గరగా కూర్చున్నవాడు రెట్టింపు బరువు వేయాలి కదా, అలాగే ఆ కండరం 100 కిలోల బలంతో లాగాలి. కీలు మీద రెండూ కలిసి పడతాయి, 150 కిలోలు. ఇప్పుడు ఎదురు చేతిలో కర్ర పెట్టండి. అది కీలుకు 45 సెంటీమీటర్ల దూరంలో నేలను తాకుతుంది అనుకుందాం. కర్ర మీద 5 కిలోలు ఆనిస్తే చాలు, అంత దూరం నుంచి కాబట్టి కండరం లాగాల్సింది 100 నుంచి 55కు పడిపోతుంది. కీలు మీది భారం 150 నుంచి 100కు వస్తుంది. 5 కిలోలు పెట్టి 50 కిలోలు దించాం. కర్రను దెబ్బ కాలి వైపే పట్టుకుంటే ఈ లాభం చాలావరకు పోతుంది. ఇది మోటు లెక్కే, అసలు శరీరం ఇంకా చిక్కుగా ఉంటుంది, కానీ దిశ ఇదే. ముప్పై ఏళ్లు బీములకు మొమెంట్లు కట్టాను. ఇంత లాభసాటి లీవరు నా ఉద్యోగంలో చూడలేదు.

మెట్ల లెక్క కూడా ఆ పిల్లే చెప్పింది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు.

మన పక్కనే కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఎల్ ఉంది కదా. అబ్దుల్ కలాం గారు అక్కడున్నప్పుడు, నిమ్స్ నుంచి వచ్చిన ఎముకల డాక్టరు అగ్ని క్షిపణికి వాడే తేలిక పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు. పోలియో పిల్లలు 3 కిలోల ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ చేసిచ్చారు. ఈ కథ కలాం గారు ఎన్నో సభల్లో చెప్పారు, ఇంజనీర్లం అందరం గొప్పగా చెప్పుకుంటాం. నాకు ఇప్పుడు దాని రెండో సగం కనిపిస్తోంది. తేలిక కాలిపర్ తొడుక్కున్న పిల్లవాడికి అడుగు ఎలా వేయాలో మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. ఆ నేర్పే చేతుల పేరు ఏ సభలోనూ వినలేదు.

మా బ్యాచ్‌మేట్ ఒకడికి మూడేళ్ల కింద పక్షవాతం వచ్చింది. పేరు చెప్పొద్దన్నాడు, సంగతి చెప్పమన్నాడు. ఎడమ చెయ్యి పడిపోయింది. ఇంట్లోవాళ్లూ, రాత్రికి పెట్టుకున్న అటెండెంటూ ఆ చెయ్యే పట్టి పైకి లాగి కూర్చోబెట్టేవాళ్లు, పాపం ప్రేమతోనే. పడిపోయిన చెయ్యికి భుజం కీలును పట్టి ఉంచే కండరాలు పనిచేయవు. కీలు కిందికి జారింది. పక్షవాతం కంటే ఆ భుజం నొప్పి తనను ఎక్కువ ఏడిపించిందంటాడు. పక్షవాతం తర్వాత మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది. అందులో నెలన్నర నొప్పికే పోయింది. చెయ్యి పట్టి లాగకూడదు, పడుకున్నప్పుడు కింద దిండు పెట్టాలి అని ఒక్క పూట నేర్పే మనిషి ఉంటే సరిపోయేది. ఇంటికి వచ్చే మంచి అసిస్టెంటు రోగికి నేర్పినంత ఇంట్లోవాళ్లకీ నేర్పుతుంది. మీ ఇంట్లో ఆ పని జరగట్లేదంటే అడగండి.

మనిషిని వెతుక్కునేటప్పుడు ఏం అడగాలో నాకు తెలిసినంత చెప్తాను. మొదట అసిస్టెంటును వెతకొద్దు, ఫిజియోథెరపిస్టును వెతకండి. ఆయనో ఆమో ఒకసారి స్వయంగా చూడాలి, ప్లాను కాగితం మీద రాయాలి. మళ్లీ ఎప్పుడు చూస్తారో చెప్పాలి. వారం వారం వీలుకాకపోతే పదిహేను రోజులకైనా రావాలి. అసిస్టెంటును వాళ్లే పంపితే మంచిది, ఎందుకంటే ఫోన్ చేసే నంబరు ఒకటి ఉంటుంది. ఎక్కడ శిక్షణ పొందారు, ఎవరి కింద ఎన్నాళ్లు పని చేశారు, ఇలాంటి కేసు ఎన్ని చూశారు అని అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు. నేను ఇంకో ప్రశ్న కలుపుతాను: "ఏం జరిగితే నువ్వు కసరత్తు ఆపుతావు?" దీనికి చటుక్కున జవాబు చెప్పే మనిషిని పెట్టుకోండి. పిక్క వాపు, ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం, కుట్ల దగ్గర చీము, ఉన్నట్టుండి కాలు పొట్టిగా కనిపించడం. ఇవేవీ చెప్పకుండా "ఏం కాదు సార్" అంటే వద్దు. ఇంజక్షన్లు ఇస్తానన్నా, డాక్టరు మందు మారుస్తానన్నా వద్దు. రోజంతా మిషన్లే పెట్టి మనిషిని మంచం మీదే ఉంచితే, మిషను చెడ్డదని కాదు, నడవాల్సిన మనిషి నడవట్లేదని అర్థం చేసుకోండి.

ఇంటికి పిలిపించే స్తోమత అందరికీ ఉండదు, అది నాకు తెలుసు. నడిచి వెళ్లగలిగితే ఉస్మానియా, నిమ్స్ ఉన్నాయి. కంచన్‌బాగ్‌లో దక్కన్ ఫిజియోథెరపీ కాలేజీ ఉంది. వారానికొకసారి అక్కడ చూపించి, చెప్పింది రాయించుకుని, మిగతా ఆరు రోజులు ఇంట్లో ఒక మనిషి నోటుబుక్కు పెట్టి చేయించినా చాలా మేలు. కోడలో, మనవడో, పక్కింటి పిల్లో. వాళ్లే అప్పుడు అసిస్టెంటు. నోటుబుక్కు మాత్రం మానొద్దు.

వచ్చే మనిషిని ఎలా చూడాలో కూడా చెప్పాలి, మనవాళ్ల తీరు నాకు తెలుసు కనక. ఆ అమ్మాయి చార్మినార్ సందడి దాటుకుని రోజుకు ఆరిళ్లు తిరిగేది, ఎక్కువ నడకే. కూర్చోమని ఒక కుర్చీ, ఒక గ్లాసు నీళ్లు ఇవ్వండి. వచ్చింది కదా అని గిన్నెలు కడగమనొద్దు, దుప్పట్లు మార్చమనొద్దు, అది అటెండెంటు పని, దానికి వేరే మనిషి, వేరే జీతం. ఒకింట్లో ఆమెను "మాలిష్‌వాలీ" అని పిలిచారట. నవ్వుతూనే చెప్పింది, నాకు నవ్వు రాలేదు.

మా అమ్మ బోనాలకు గుడిదాకా నడిచిందా అని మీరు అడుగుతారు. గుడిదాకా కాదు, ఆ జనంలో ఫిజియోథెరపిస్టే వద్దంది. వారం ముందు ఒక పొద్దున, గల్లీ ఖాళీగా ఉన్నప్పుడు, కర్ర పట్టుకుని వెళ్లి దండం పెట్టుకుని వచ్చింది. పండుగ నాడు మెట్లెక్కి డాబా మీద కుర్చీ వేసుకుని ఘటం చూసింది. మంచి కాలు ముందు.

ఇక సంఘానికి ఒక మాట. మనలో దాదాపు ప్రతి ఇంట్లో అటక మీద ఒక వాకరో, కమోడ్ కుర్చీయో, చక్రాల కుర్చీయో దుమ్ము పట్టి ఉంది. వాడిన మనిషి లేచి తిరుగుతున్నారు, లేదా లేరు. కోఠీలో కొత్తది కొనే ముందు అడిగి తీసుకునేలా, వాటిని మన బడి స్టోర్ రూంలో పెట్టుకోవచ్చా అని హెడ్మాస్టర్ గారిని అడిగితే ఒప్పుకున్నారు. ఎవరు ఏది తీసుకున్నారో రాయడానికి రిజిస్టరు మన రిటైర్డ్ లైబ్రరీ సార్ చూస్తానన్నారు, కాబట్టి తిరిగి ఇవ్వకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. మన పూర్వ విద్యార్థుల్లో ఇద్దరు ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. నెలకో ఆదివారం ఇక్కడ కూర్చుని, ఇంట్లో కసరత్తు చేయించేవాళ్లకు నేర్పుతామన్నారు.

ఇవాళ వరండాలో రెండు వాకర్లు, నాలుగు చేతికర్రలు, ఒక బెల్టు పెట్టారు. ఆ ఇద్దరూ అక్కడే ఉంటారు. చెయ్యి కిందికి వేలాడేసి నిలబడితే కర్ర పిడి మణికట్టు గీత దగ్గరికి రావాలి. చాలామంది కర్రలు ఎత్తు ఎక్కువ, ఈ హాల్లోనే మూడు చూశాను. భోజనాలకు ముందే వెళ్లి సరిచేయించుకోండి, తర్వాత మీరెవరూ లేవరు.